కుక్క తలుపు కొలత

దయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే నాకు ఒళ్లు మండుతుంది. చదివేవాళ్లు నన్ను ఆ బాపతులో కలపకుండా ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. మా మార్కాపురం ఇంకా కర్నూలు జిల్లాలో ఉన్న రోజుల్లో, నేను పనిచేసే పలకల ఫ్యాక్టరీ షెడ్డులో పట్టపగలు ఎవరో పలకలు గీకుతున్నారని కూలీలంతా పని మానేసి బయట కూర్చున్నారు. నేనొక్కణ్ణే లోపలికి పోయి చూశాను. రేకుల సందులో ఇరుక్కున్న పందికొక్కు. దాన్ని తోక పట్టుకుని తెచ్చి చూపించినా కొందరు నమ్మలేదు. దయ్యమే పందికొక్కు రూపంలో వచ్చిందన్నారు. అలాంటి మనుషులతో నాకు అప్పటినుంచీ పడదు.

నేను బడికి పోయినవాణ్ణి కాదు. పగిలిపోయి పక్కన పారేసిన పలకల మీద అక్షరాలు దిద్దుకున్నాను. ఆ తర్వాత చేతికి దొరికిందల్లా చదివాను. చర్చిలో సంఘపెద్దగా ఉండి కూడా, దయ్యాలు వదిలిస్తామని వచ్చినవాళ్లను గుమ్మం ఎక్కనివ్వలేదు. ఇప్పుడు నేను చెప్పబోయేది కూడా దయ్యం కథ కాదు. ఒక కుక్క తలుపు సంగతి.

మేము మా కూతురు ఎస్తేరు దగ్గర ఉంటాం. ఊరి చివర కొత్త ఇల్లు. అల్లుడు ఫోన్‌లో ఎక్కడో చూసి, పెరటి వైపు గోడ కట్టకుండా పెద్ద స్లైడింగ్ గ్లాస్ డోర్ పెట్టించాడు. మా ఎండలకు అద్దం తలుపు! వద్దని చెప్పాను. నా మాట ఎవరు విన్నారు? తెరిస్తే వేడి, కోతులు. మూస్తే కుక్కకు బయటికి దారి లేదు.

కుక్క పేరు జానీ. నా భార్య దీనమ్మ పెంపకం. ఆమెకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు, మాట పోయాయి. కాలు కొంత తిరిగి వచ్చింది. మాట రాలేదు. అంతకుముందు ఆమె నోరు మూతపడిన పూట నాకు గుర్తులేదు. ఇప్పుడు దేనికైనా 'ఊ' ఒక్కటే. అవునన్నా ఊ, కాదన్నా ఊ. ఆ రెండు ఊలకూ తేడా నాకు తెలుసని అనుకునేవాణ్ణి.

అద్దం పక్కనే ఆమె మంచం. జానీ బయటికి పోవాలని గీరినప్పుడల్లా ఈమె లేచి ఎడమ చేత్తో ఆ బరువైన తలుపు లాగేది. ఒకసారి తలుపు జరిగే కింది ట్రాక్‌కు కాలు తగిలి పడింది. ఆ రోజు మోచెయ్యి వాచి ఊరుకుంది. ఇంకోసారి పడితే తుంటి విరుగుతుందని, విరిగితే ఈ వయసులో మళ్లీ లేవదని డాక్టర్ చెప్పాడు. కుక్కను ఎవరికైనా ఇచ్చేద్దామని అల్లుడు అన్నాడు. దీనమ్మ దాని మెడ పట్టుకుని మా అందరి వైపు చూసిన చూపుకు ఆ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. అది తనంతట తాను పోయి వచ్చేలా ఒక దారి పెట్టాలి. ఆ పని నా మీద పడింది.

అద్దంలోనే కంత కోయించాలని మొదట నా ఆలోచన. అల్యూమినియం పని చేసే మస్తాన్ నవ్వాడు. "ఇది గట్టి చేసిన అద్దం తాతా. దీన్ని కోసేది ఉండదు. ఒకచోట దెబ్బ తగిలిందంటే మొత్తం పొడిపొడిగా రాలిపోతాది" అన్నాడు. కంతతో కొత్త అద్దం తెప్పించాలంటే విజయవాడ మాట చెప్పాడు. అంత బాగోతం అక్కరలేదన్నాను. చివరికి తేలింది ఇది: ట్రాక్‌లో ఒక పక్కన తలుపంత ఎత్తున సన్నటి అల్యూమినియం పలక నిలబెట్టాలి. దాని అడుగున ఊగే రబ్బరు రెక్క ఉంటుంది. పెద్ద తలుపు వచ్చి ఆ పలకకు ఆనుతుంది. అలా ఆనినప్పుడు పాత గడియ పడదు కాబట్టి, రాత్రిపూట తలుపు జరగకుండా ట్రాక్‌లో అడ్డంగా ఒక కర్ర పడెయ్యాలి.

రెక్క ఎంత ఉండాలన్నదే అసలు సంగతి. పెద్దదైతే కోతి దూరుతుంది. చిన్నదైతే కుక్క పట్టదు. నేను జానీని నిలబెట్టి, ఛాతీ దగ్గర దాని వెడల్పు ఒక తాడుతో కొలిచి, కొంచెం వదులు పెట్టి కోశాను. దీనమ్మ మంచం మీద నుంచి చూస్తూనే ఉంది. ఆ తాడు తీసుకుపోయి మస్తాన్ చేతిలో పెట్టి వచ్చాను.

కొన్నాళ్లకు పని అయిందని కబురొస్తే దుకాణానికి పోయాను. పలక చూడగానే నాకు కోపం వచ్చింది.

"ఇదేంది మస్తానూ, కుక్కకు చెయ్యమంటే దున్నపోతుకు చేసినావు? దీంట్లో కోతి కాదు, కోతి కాపురమే దూరతాది."

"నన్నేం చెయ్యమంటావు తాతా? అవ్వే గదా ఫోన్ చేసి కొలత మార్చమన్నాది."

"ఏ అవ్వ?"

"మీ ఇంట్లో అవ్వ. నీకెంతమంది ఉన్నారేంది?"

దుకాణంలో కూర్చున్నవాళ్లు నవ్వారు. నేను నవ్వలేదు. "కొలత తప్పు కోసినానని ఒప్పుకుంటే పోయేదానికి, నోరు లేని మనిషి పేరు చెప్తావా?" అని అరిచాను. మస్తాన్ ముఖం మారింది. ఆమెకు మాట పోయిందని అతనికి తెలియదు. ఇంటికి కొలతలు చూడటానికి వచ్చినప్పుడు ఆమె నిద్రలో ఉంది.

ఏమందో చెప్పమన్నాను. అతను తడబడుతూ చెప్పాడు.

"'నాయనా, మా పలకలాయన తాడు తెచ్చినాడు గదా, అది పక్కన పారెయ్. ఆయన కొలత పలకకు సరిపోతాది, ప్రాణమున్నదానికి సరిపోదు. నీ భుజాలకు పెట్టి చూసుకుని చెయ్యి' అన్నాది. నాకు నవ్వొచ్చింది. 'నవ్వబాక, చెయ్యి' అని పెట్టేసినాది."

నేను అక్కడున్న స్టూలు మీద కూర్చున్నాను. పెళ్లయిన కొత్తలో నేను చేసిన మొదటి అలమార ఇరుకైపోయినప్పటి నుంచీ దీనమ్మ నన్ను ఎగతాళి చేసే మాట అది. పలకలాయన కొలత. మాట పోయాక ఆ పేరుతో నన్ను పిలిచినవాళ్లు లేరు. మస్తాన్‌కు ఆ పేరు తెలిసే దారి లేదు.

అతను తన ఫోన్ తీసి చూపించాడు. ఫోన్ వచ్చింది నిజమే. దీనమ్మ మంచం దగ్గర పెట్టిన బటన్ ఫోన్ నంబరు అది. ఆ పూట నేను పొదిలిలో పెళ్లికి పోయాను. ఎస్తేరు బడిలో పాఠం చెబుతోంది, అల్లుడు గిద్దలూరులో డ్యూటీలో ఉన్నాడు. ఇంట్లో దీనమ్మ, కుక్క. మస్తాన్ కార్డు కిటికీలో ఉంది. దీనమ్మకు అంకెలు తెలుసు. అంతవరకూ నేను కాదనను.

ఇంటికొచ్చి అడిగాను. "నువ్వు మాట్లాడినావా?" నా ముఖంలోకి చూసి, ఊ అంది. అది అవునో కాదో నాకు తెలియలేదు.

డాక్టర్ను అడిగాను. ఇలాంటివాళ్ల నోట ఒక్కోసారి అలవాటైన ఒకటి రెండు మాటలు ఉన్నట్టుండి వస్తాయన్నాడు. ఫోన్ చేసి, తాడు పారెయ్యమని, కొలత చెప్పి, ఎదుటివాడు నవ్వితే గదమాయించడం జరగదన్నాడు. ఎస్తేరు ఏడ్చింది. అల్లుడు మస్తాన్‌నే అనుమానించాడు. నేనూ కొన్నాళ్లు అనుమానించాను. అయినా మళ్లీ చేయించే ఓపిక లేక ఆ పలకనే పెట్టించాం. జానీ అందులోంచి దొరలా పోయి వచ్చేది. నేను రోజూ తిట్టుకునేవాణ్ణి.

ఆ ఎండాకాలం ఒక మధ్యాహ్నం, ఎస్తేరూ అల్లుడూ ఇంట్లో లేనప్పుడు, పెరట్లో బట్టలు తీస్తున్నాను. కోతుల భయానికి వీధి తలుపుకు లోపల గడియ పెట్టి వచ్చాను. వెనక ధబ్బుమని చప్పుడు. దీనమ్మ ఎందుకు లేచిందో తెలియదు. పడబోతూ అద్దం తలుపు పట్టుకున్నట్టుంది, అది జారి మూసుకుపోయింది. మూలన నిలబెట్టిన కర్ర ట్రాక్‌లో పడింది. నేను ఎంత లాగినా తలుపు కదల్లేదు.

ఆమె అద్దానికి ఆనుకుని బోర్లా పడి ఉంది. ముఖం కాళ్లు తుడుచుకునే మందపాటి పట్టాలో కూరుకుపోయింది. ఎడమ చెయ్యి ఒంటి కింద నలిగింది, కుడి చెయ్యి ఎటూ పని చెయ్యదు. తల తిప్పుకోలేక వీపు ఎగిరెగిరి పడుతోంది. నేను అద్దానికి ఇవతల నిలబడి చూస్తున్నాను. రాయి తీశాను. మొత్తం రాలిపోతుందన్న మస్తాన్ మాట గుర్తొచ్చి వదిలేశాను. రాలేది ఆమె మీదే. ప్రహరీ మీద గాజు పెంకులు. అరిచినా పలికే ఇల్లు దగ్గర్లో లేదు.

జానీ రెక్క తోసుకుని బయటికొచ్చింది, నన్ను చూసి మళ్లీ లోపలికి పోయింది. నేను దాని వెనకే తల పెట్టాను. ఒక చెయ్యి ముందు చాపి, భుజాలు పక్కకు తిప్పాను. చొక్కా చిరిగింది, వీపు గీరుకుపోయింది. ఆ కంతలో పట్టాను. ఆమె ముఖం తిప్పగానే పెద్దగా ఊపిరి పీల్చింది. తుంటి విరగలేదు.

ఆ తాడు మస్తాన్ పారెయ్యలేదు. తర్వాత పోయి తెచ్చుకుని నా ఒంటికి పెట్టి చూసుకున్నాను. ఆ కొలతకు నా తల పడుతుంది. భుజాలు పట్టవు.

నేను దీనికి ఏ పేరూ పెట్టడం లేదు. సంఘంలో కొందరు సాక్ష్యం చెప్పమన్నారు, చెప్పలేదు. తెలియనిదాన్ని తెలియదనడమే నాకు చేతనైంది. ఒక్కటి మాత్రం మింగుడు పడదు. ఆమెకు ఒక నిమిషం మాట వచ్చిందే అనుకుందాం. ఆ నిమిషం పోయి పోయి అల్యూమినియం దుకాణం వాడి పాలైంది. ఆ గొంతు ఎట్లుందని మస్తాన్‌ను ఎన్నిసార్లు అడిగానో. "మామూలుగానే ఉంది తాతా" అంటాడు. మామూలుగా అంటే ఎట్లుంటుందో వాడికేం తెలుసు?

ఇప్పటికీ బజారుకు పోయినప్పుడు ఇంటికి ఫోన్ చేస్తాను. ఆమె ఎత్తుతుంది. ఊపిరి వినిపిస్తుంది, రబ్బరు రెక్క టపామని పడిన చప్పుడు వినిపిస్తుంది. "నేనే, పలకలాయన్ని" అంటాను. ఆమె ఊ అంటుంది. ఇంకేమైనా అంటుందేమోనని కాసేపు పెట్టెయ్యకుండా అలాగే నిలబడతాను.