తాబేళ్ల దీవిలో బాపు చెప్పులు

మొన్నటి వానకు నాంపల్లి స్టేషన్ ముందు రోడ్డు మళ్లీ చెరువైంది. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, నాలాంటి ఇంకొందరితో కలిసి మెట్రో మెట్ల మీద నిలబడి నీళ్లు ఎప్పుడు తగ్గుతాయా అని చూస్తుంటే, ఒక ఒంటి తోలు చెప్పు, తనకేదో అర్జెంటు పనున్నట్టు, అబిడ్స్ వైపు తేలిపోతూ కనబడింది. అందరూ నవ్వారు. మామూలుగా అయితే మొదటి జోకు నాదే అయ్యేది. కానీ నీళ్ల మీద ఒంటి చెప్పు కనబడితే నా కళ్లు ఇప్పటికీ చెప్పును వదిలేసి దాని మనిషిని వెతుకుతాయి. ఈ వయసుకే జ్ఞాపకాలేమిటని పెద్దలు నవ్వుకోవచ్చు గాని, మా ఈడు వాళ్లకు తెలుసు, మోకాళ్లు చప్పుడు చెయ్యడం మొదలైందంటే మనిషికి గతం కూడా మొదలైనట్టే.

అప్పట్లో నాకు గన్‌ఫౌండ్రీలో కొత్తగా ఉద్యోగం, అంతకన్నా కొత్తగా పెళ్లి. మా నాన్న, అదే మా బాపు, ఊళ్లో ఉన్న కాస్త చేను అమ్మేసి, అబిడ్స్‌లో ఒక బట్టల షాపు ముందు, వచ్చేవాళ్లకు తలుపు తీసే కొలువులో కుదురుకున్నాడు. మా మామగారిది కాకినాడ. లక్డీకాపూల్‌లో స్థిరపడి ఎన్నేళ్లయినా సముద్రం పేరెత్తితే, దాన్ని వాళ్ల తాతగారే తవ్వించినట్టు మాట్లాడేవారు. వియ్యంకుడు పుట్టి బుద్ధెరిగి సముద్రం చూడలేదని తెలిసి ఆయనకు నిద్రపట్టలేదు. తాబేళ్లు గుడ్లు పెట్టే దీవి ఒకటి ఉందని, అది అటవీశాఖ కాపలాలో ఉంటుందని, అనుమతి తానే తెస్తానని చెప్పి నన్నూ బాపునూ వెంటబెట్టుకుని ప్రయాణం కట్టారు. అమ్మ స్టేషన్ దాకా వచ్చి, రైలు కదిలే ముందు నన్ను పక్కకు పిలిచి ఒకటే మాట అంది.

"బాపుకు ఈత రాదు కొడుకా. జర చెయ్యి వదలకు."

అంత సముద్రంలో ఎవరి ఈతా పనికి రాదులే అన్నాను. అమ్మ నవ్వలేదు.

పడవలో ఉన్నంతసేపూ బాపు బల్లను రెండు చేతులా పట్టుకుని, తాబేళ్లు ఇసుక తవ్వి గుడ్లు పెట్టి ఎట్లా కప్పేసి పోతాయో పడవతను చెబుతుంటే శ్రద్ధగా విన్నాడు. మా వైపు నీళ్లంటే గంగమ్మ, చెప్పులతో తొక్కరు. మాకు తెలిసిన నీళ్లు కూడా చెరువు నీళ్లే. పొద్దున ఒడ్డు ఎక్కడుందో సాయంత్రమూ అక్కడే ఉంటుంది. అందుకే దీవిలో దిగగానే బాపు నీళ్ల అంచున చెప్పులు జతగా విడిచి, ఒంగి నీళ్లు కళ్లకద్దుకుని, ఇప్పుడే వస్తానని సైగ చేసి ఇసుక దిబ్బ వెనక్కి పోయాడు. అంతసేపు పడవలో కూర్చున్న మనిషి కదా, ఎందుకని అడగలేదు.

చాలాసేపటికీ రాలేదు. ఫోన్ చేశాను. నా భుజానికున్న సంచిలో మోగింది.

ఈలోగా పోటు మొదలై, చెప్పులు విడిచిన చోటు సముద్రంలోకి పోయింది. ఒక చెప్పు అలల మీద ఊగుతూ కనబడింది. రెండోది లేదు. అంతవరకు సముద్రాన్ని చుట్టంలా పరిచయం చేసిన మామగారు, దానితో ఏ సంబంధమూ లేనట్టు గొంతు తగ్గించి, "బావగారు నీళ్లలోకి గానీ దిగారంటావా, అబ్బాయ్?" అన్నారు. గాలి తిరిగేలోపు బయల్దేరాలని పడవతను తొందరపెడుతున్నాడు. ఫారెస్టు గార్డు ఒక పక్కకు, నేను ఒక పక్కకు నడిచాం. ప్రతి దానికీ ఒక జోకు చేతిలో పెట్టుకుని తిరిగేవాణ్ణి, ఆ ఒడ్డు పొడుగునా అమ్మకు ఏం చెప్పాలన్న ఒక్క వాక్యం కూడా కుదరలేదు. కనబడిన ప్రతి నల్లటి దుంగ దగ్గరికీ పరుగెత్తి, అది దుంగేనని తేలాక మళ్లీ నడిచేవాణ్ణి.

దిబ్బకు అవతల కనబడ్డాడు. నడి ఇసుకలో, ఎండలో, పాతిన గుంజలా నిలబడి ఉన్నాడు.

"బాపూ, గీడ ఏం చేస్తున్నవ్?"

"ఆడనే ఆగు. కాలు పెట్టకు," అన్నాడు మెల్లగా. కాళ్ల దగ్గర ముడుచుకుపోయిన తెల్లటి గుడ్డు తోలు చూపించాడు. "ఇదంత విత్తిన చేను లెక్క ఉన్నది. సూడక లోపటికొచ్చిన. వచ్చిన అడుగులు గాలికి పూడిపాయె. మల్ల ఏడ కాలు పెట్టాల్నో సమజైతలేదు."

"ఒక్క కేక ఎయ్యరాదు?"

"లొల్లి చెయ్యొద్దని బోర్డు పెట్టిన్రు గద."

ఇంతలో గార్డు వచ్చి చూసి, అక్కడ గుడ్లేమీ లేవని, తాబేలు పిల్లలన్నీ ఎప్పుడో నీళ్లలోకి పోయాయని చెప్పాడు. అంటే మా బాపు అంతసేపూ ఎండలో కాపలా కాసింది ఖాళీ దిబ్బకు. అయినా ఆయన గార్డు ముందు నడిస్తేనే, అతని అడుగులోనే అడుగు వేసుకుంటూ బయటికి వచ్చాడు. నేను చెయ్యి పట్టుకున్నాను. నాంపల్లిలో దిగేదాకా వదల్లేదు. రైల్లో బాత్రూముకు పోతే తలుపు బయట నిలబడ్డాను. కాకినాడలో మామగారు కొనిపెట్టిన కొత్త చెప్పులు చూసి అమ్మ, పాతవి ఏమైనయని అడిగింది. గంగమ్మకిచ్చిన అన్నాడు బాపు. నేను ఏ వివరాలూ కలపలేదు.

పోయిన ఎండాకాలం ఊరికి పోతే మా చేను ప్లాట్లయి ఉంది. పొడుగునా తెల్లరాళ్లు, ముందు ఎవరో దేవత పేరు రాసిన కమాను. కొన్నవాళ్లు ఎవరూ ఇంకా ఇల్లు కట్టలేదు, ఎవరూ ఏమీ విత్తలేదు. బాపు కమాను దగ్గర చెప్పులు విడిచి లోపలికి నడిచాడు, అదీ నేరుగా కాదు. ఒకప్పుడు గట్టు ఎటు పోయేదో అటే పోతూ, మూల వచ్చిన చోట తిరుగుతూ. ఇప్పుడక్కడ గట్టు లేదు, మూలా లేదు. సముద్రం చెప్పులు పట్టుకుపోయింది గాని ఒడ్డును మళ్లీ తెచ్చి అక్కడే పెట్టి ఉంటుంది. మా చేనును ముంచినవి అట్లాంటి నీళ్లు కావు. ఇక్కడేం లేదు బాపూ అని గార్డులాగా అందామని నోటి దాకా వచ్చింది. దాని బదులు బాపు చెప్పులు చేత పట్టుకుని, ఆయన అడుగు తీసిన చోటే అడుగు వేసుకుంటూ వెనకాలే నడిచాను.