పేరు చెప్తేనే పాట

మా చిన్నప్పుడు... మధ్యాహ్నం అన్నాలు కాగానే గౌడవెల్లి ఆడవాళ్ళంతా కిరాణా దుకాణం ముందున్న రూపాయి ఫోన్ దగ్గర చేరేవాళ్ళు. పట్నంలో కొత్తగా ఓ ఎఫ్ఎం స్టేషన్ పెట్టారు. ఫోన్ చేసి ఎవరి పేరు చెప్తే వాళ్ళ కోసం పాట వేసేవాళ్ళు. టైలర్ దగ్గర, ఆటోల్లో, దూలపల్లిలో నాయిన పనిచేసే ప్లాస్టిక్ కంపెనీలో... ఎక్కడ చూసినా అదే మోత.

నాయినకు ఒక్కటే కోరిక. మిషన్ల మధ్య నిలబడి తన పేరు రేడియోలో వినాలి... అదీ అమ్మ నోటి నుంచి.

అమ్మతో అదే చిక్కు. పెళ్ళైన నాటి నుంచి ఆమె నాయిన పేరు పలికింది లేదు. మొగుని పేరు తీస్తే ఆయుష్షు తగ్గుతుందట. రేషన్ దుకాణంలో పేరడిగితే నన్ను ముందుకు తోసేది, నేను చెప్పేదాన్ని.

ఒకరోజు అమ్మకు లైను కలిసింది.

"ఎవరి కోసమమ్మా పాట?" అంది రేడియో అమ్మాయి.

"మా ఇంటాయన కోసం."

"ఆయన పేరు?"

అమ్మ నా వైపు చూసింది. నేను నోరు తెరిచేలోపే అవతల నవ్వు... "మీరే చెప్పాలి. పేరు చెప్తేనే పాట!"

"సంధ్యోళ్ళ నాయిన అని ఏయి బిడ్డా," అంది అమ్మ.

సంధ్య అంటే నేనే. పాటయితే వచ్చింది. కానీ ఆ కంపెనీలో ఇంకో సంధ్య తండ్రి కూడా ఉన్నాడు... పాట తనకే అనుకుని అందరికీ చాయ్ తాపించాడట. నాయిన ఇంటికొచ్చి స్టాండ్ కూడా వేయకుండా సైకిల్ గోడకు ఆనించాడు.

"నా పాటకు గాయన చాయ్ తాపిండు! నా పేరు సెప్తే నీ నోరు అరుగుతదా?"

"పేరుతోని ఏం పని? మనిషి మంచిగుంటే సాలదా?"

ఆ రోజు నేను నాయిన పార్టీ. అమ్మ మీద మస్తు కోపమొచ్చింది.

తర్వాత్తర్వాత పాటలు తగ్గి ప్లాట్ల ప్రకటనలు పెరిగాయి. మేడ్చల్‌లో వెంచరు, శామీర్‌పేటలో వెంచరు... మా పక్క పొలాన్ని మాకే అమ్మజూపేవాళ్ళు. పెద్ద స్టేషన్లు వచ్చాక జనం అటు తిప్పేశారు, ఆ ప్రకటనలూ అటే పోయాయి. కంపెనీలో మాత్రం నాయిన రేడియో ముల్లు తిప్పనిచ్చేవాడు కాదట.

ఒకరోజు ఆ అమ్మాయే రేడియోలో చెప్పింది... రేపటితో స్టేషన్ బంద్ అని.

మర్నాడు అమ్మ నా చెయ్యి పట్టుకుని ఫోన్ దగ్గరికి నడిచింది. అక్కడ ఎవరూ లేరు. వెంటనే కలిసింది.

"ఎవరి కోసమమ్మా?"

అమ్మ కొంగు నెత్తిమీదికి లాక్కుంది. కళ్ళు మూసుకుంది.

"యాదగిరి... గౌడవెల్లి యాదగిరి కోసం."

ఫోన్ పెట్టేసి గబగబా చెంపలు వేసుకుంది.

సాయంత్రం నాయిన మామూలుగానే వచ్చాడు, కాళ్ళు కడుక్కున్నాడు. చారు పోసుకుని అన్నం కలుపుతూ, తల ఎత్తకుండా అన్నాడు... "ఇన్న."

"ఏంది ఇన్నది? సారు సల్లగైతాంది, తిను."

మళ్ళీ ఆమె ఆ పేరు ఎత్తలేదు.

ఇప్పుడు ఏ పాట కావాలన్నా చేతిలోని ఫోన్‌లోనే దొరుకుతుంది... ఎవరి కోసమని అడిగేవాళ్ళే లేరు. మొన్న అమ్మకు కొత్త ఫోన్ కొనిచ్చి, నాయిన నంబర్ ఏ పేరుతో పెట్టమంటావని అడిగాను. ఆలోచించనే లేదు...

"సంధ్యోళ్ళ నాయిన."

మీ అమ్మల ఫోన్లలో మీ నాయిన నంబర్ ఏ పేరుతో ఉందో ఒకసారి చూసి చెప్పండి...