బాపు కొన్న దొడ్డు తీగలు

మా చిన్నప్పుడు... ఈస్టర్ దగ్గర పడుతోందంటే చాలు, బాపు, అంటే మా నాన్న, క్వార్టరు ముందు నులక మంచం వాల్చి తన కరెంటు గిటారును దాని మీద పడుకోబెట్టేవాడు. నా చేతిలో ఇంత దూది పెట్టేవాడు. ఆ దూదిని ఒక్కో తీగ మీద ఈ చివర నుంచి ఆ చివరకు లాగడం నా పని. ఎక్కడైనా పీచు చిక్కిందా... ఆ తీగ పని అయిపోయినట్టే. ఒక్కటి పోయినా ఆరూ మార్చేవాడు.

అది సంగీతం మాస్టర్లు నేర్పిన పద్ధతి కాదు, బాయిలో నేర్చుకున్నది. మా గోదావరిఖనిలో గనిని బాయి అనే అంటాం. పట్టాల మీది బొగ్గు టబ్బులను పైకి లాగే ఉక్కు తాడును పరీక్షించడం బాపు డ్యూటీ. దూది పట్టుకుని తాడు పొడవునా నడిచేవాడు. ఒక్క పోగు తెగి ఉన్నా పీచు అక్కడ చిక్కుకుంటుంది. గిటారును కూడా డ్యూటీలాగే చూస్తాడని అమ్మ నవ్వేది.

పక్క క్వార్టరులో సామేలు కాక ఉండేవాడు. బాపు షిఫ్టే. సొంత తమ్ముడు కాదు, అంతకంటే ఎక్కువే. మా చర్చిలో బాయి మనిషి ఎవరు పోయినా, మట్టి చేసేటప్పుడు బాపు వాయించాలి, కాక పాడాలి. స్మశానంలో కరెంటెక్కడిది... స్పీకరు పెట్టెకు ఆటో బ్యాటరీ తగిలించేవాళ్లు.

ఒకరోజు ఫస్టు షిఫ్టులో తాడు తెగింది. నిండు టబ్బులు వెనక్కి జారి వచ్చాయి. కాకను పక్కకు లాగబోయిన బాపు ఎడమ చెయ్యి నలిగిపోయింది. కాక మాత్రం దక్కలేదు.

ఆ పొద్దున తాడంతా చూసింది బాపే. దూది ఎక్కడా చిక్కలేదు. లోపలి పోగులు కుళ్లితే పైన దూదికి ఏం తెలుస్తుంది... విచారణకు వచ్చినవాళ్లు కూడా అదే అన్నారట, నీ తప్పేమీ లేదని. ఆ మాట బాపు చెవికెక్కలేదు. కాకను మట్టి చేసిన రోజు బాపు దవాఖానలో ఉన్నాడు. అందరికీ మోగిన గిటారు కాకకు మోగలేదు.

ఆ ఏడు బాపుది ఒకటే పట్టు. ఈస్టర్ తెల్లవారుజామున అందరం సమాధుల దగ్గర కొవ్వొత్తులు పెట్టి పాడతాం కదా, అప్పుడు తమ్ముని దగ్గర వాయించాలి. అమ్మ రోజూ ఆ వేళ్లకు కొబ్బరినూనె రాసి మర్దన చేసేది. నడిమి వేళ్లు రెండూ కట్టెల్లా ఉండేవి. వద్దని చెప్పే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు.

తీగలు కొనడానికి బాపు నన్ను తోడు తీసుకుని మంచిర్యాల వెళ్లాడు. బియ్యంలో లాగే తీగల్లోనూ సన్నవీ దొడ్డువీ ఉంటాయి. బాపు ఎప్పుడూ నడిమి రకం తీసుకునేవాడు. షాపాయన బాపు చెయ్యి చూసి సన్న తీగల ప్యాకెట్టు ముందు పెట్టాడు.

"నీ చేతికి ఇవే మంచిగుంటయన్నా. జర ఒత్తితే చాలు, పలుకుతయి."

బాపు ఒక తీగను తీసి వేళ్ల మధ్య నలిపి చూశాడు. మొహం మాడిపోయింది. అన్నిటికంటే దొడ్డువి ఇమ్మన్నాడు. నాకు ఏడుపొచ్చింది. సన్నవే తీసుకుందామని చొక్కా పట్టుకుని గుంజాను.

"సన్నయి తెగుతయి బిడ్డా. తెగినంక పట్టుకునేటందుకు ఏముంటది?"

పాము కరిచినవాడికి తాడును చూసినా భయమంటారు. తాడే కరిచినవాడు ఇక దేన్ని చూసి ధైర్యం తెచ్చుకోవాలి... షాపాయన దొడ్డువే కట్టిచ్చాడు.

ఈస్టర్ నాడు ఇంకా చీకటిగానే ఉంది. కాక సమాధికి కొత్తగా సున్నం వేశారు. బాపు నిలబడి వాయించడం మొదలుపెట్టాడు. వేళ్లు తీగను అదమలేకపోయాయి. డబ్... డబ్... అని మొద్దు చప్పుడు తప్ప రాగం లేదు. మామూలు చెక్క గిటారైతే ఆ తప్పు బాపు ఒళ్లోనే ఉండిపోయేది. ఇది కరెంటు గిటారాయె... తీగ మూగబోయిందన్న సంగతి స్పీకరు స్మశానమంతా చాటింది. పాడేవాళ్లు ఒక్కొక్కరే ఆగిపోయారు. బాపు మాత్రం ఆపలేదు. వేళ్ల చివర్లు చీరుకుపోయి నెత్తురొస్తోంది. అంత జాలి, అంత సిగ్గు నాకు ఎప్పుడూ కలగలేదు.

చివరకు కాక భార్య, మా చిన్నమ్మ, లేచి వచ్చింది. తీగల మీద అరచెయ్యి పెట్టి ఆపింది.

"ఇగ సాలు బావ... ఆయనకు ఇనవడ్డది."

బాపు అక్కడే కూలబడి ఏడ్చాడు. ఇంటికొచ్చాక గిటారును మేకుకు తగిలించాడు. మళ్లీ ముట్టుకోలేదు.

బాపు పోయి చాన్నాళ్లయింది. మా క్వార్టర్ల వరసలో సగం తలుపులకు తాళాలు. ఇప్పుడు మా అమ్మాయి వాయిస్తుంది. తీగలు కావాలంటే ఫోన్లో తీగల సైజు చూసి నొక్కుతుంది, రెండ్రోజుల్లో గుమ్మంలో ఉంటాయి. సన్నవే తెప్పించుకుంటుంది. నెలకొకటి తెగుతుంది. తెగితే నవ్వేసి ఇంకోటి వేసుకుంటుంది... ఆ నవ్వు చూస్తే నాకు హాయిగానూ ఉంటుంది, గుండె కలుక్కుమంటుంది కూడా.

మీ ఇళ్లలోనూ మేకుకు వేలాడుతూ, ఎవరూ ముట్టుకోని వస్తువు ఏదైనా ఉందా... ఉంటే దాని సంగతి నాకూ చెప్పండి.

మొన్న ఈస్టర్‌కు బాపు గిటారును దించి తీగల మీద దూది లాగాను. తుప్పు... అడుగడుగునా చిక్కింది. బాపు లెక్కన ఆరూ మార్చెయ్యాలి. నాకు చేతులు రాలేదు. ఎలా ఉన్నదాన్ని అలాగే తిరిగి తగిలించాను.

ఇన్నేళ్లయినా ఒక్కటి కూడా తెగలేదు బాపూ.