ఎత్తిన కాలు

మా ఆయన పెద్దకర్మ రోజున రెంటచింతల అవతల మా చేలో, బోరు పక్కన విస్తట్లో పిండం పెట్టి అందరం దూరంగా నిలబడ్డాం. కాకులు కరెంటు తీగ మీదే కూర్చున్నాయి. ఒక్కటీ దిగలేదు. ఆయన పోయినప్పటి నుంచి నాకు కన్నీటి చుక్క రాలేదు. దానికి ఊళ్లో ఏవేవో అనుకుంటున్నారని తెలుసు. అనుకోనీ. నాకు ఎండ తప్ప ఇంకేమీ తెలియడం లేదు.

కాకి ముట్టకపోతే పోయినవాళ్లకు ఏదో కోరిక మిగిలిందని మావాళ్ల నమ్మకం. అందుకని ఒక్కొక్కరే ముందుకొచ్చి మాటిస్తున్నారు.

"పొలం అమ్మంలేరా, వచ్చి తిను," అన్నారు మా బావగారు, తీగకేసి దణ్ణం పెట్టి.

"నీ పెళ్లాన్ని కూతుర్లాగా చూసుకుంటా నాయనా," అంది మా అత్త. ఆ ముక్క ఆయన బతికుండగా అని ఉంటే నిజంగానే సంతోషించేవాడు.

కాకులు కదల్లేదు. "నా బిడ్డకు చానా పెద్ద కోరికే ఉంది," అని అత్త శోకం అందుకుంది.

అప్పుడు చూశాను, మిరపకట్టె కుప్ప పక్కన మా పాయింటర్‌ని. కుక్కే గాని దూడంత ఉంటుంది. పిట్టల వేటకు పెంచే జాతి. పిట్ట కనబడితే మొరగదు. ముందుకాలు మడిచి ఎత్తి, తోక చాచి, యజమాని మాట చెప్పేదాకా అలాగే బిగుసుకుపోతుంది. దాన్ని తెచ్చిన రోజు "ఈ ఎండల్లో వేటేంది?" అని సణిగాను. ఆయన ఒక్క పిట్టనూ చంపలేదు. సాయంత్రం ఇద్దరూ చేలో తిరిగేవాళ్లు. అది కౌజుపిట్టల జాడ చూపిస్తే, కాసేపు చూసి "ఇంక చాల్లే, పో" అనేవాడు. అది దూకేది, కౌజులు బుర్రుమని లేచేవి. అదే వాళ్ల వేట.

ఇప్పుడు కాకులకేసి కాలెత్తి నిలబడి ఉంది. నోట్లోంచి చొంగ కారుతోంది. ఒళ్లు వణుకుతోంది. ఆ మాట ఎవరూ చెప్పలేదు.

దగ్గరికి వెళ్లి చెప్పాను. "ఇంక చాల్లే, పో."

అది దూకింది. కాకులన్నీ లేచిపోయాయి.

"ఏమే, నీకు మతి గాని పోయిందా!" అని అత్త అరిచింది. నేను కుక్క మెడపట్టీ పట్టుకుని వెనక్కి తెచ్చుకున్నాను. కాసేపటికి ఒక కాకి తిరిగొచ్చి పిండం మీద వాలింది.

"తిన్నాడు! తిన్నాడు!" అని అందరూ దణ్ణాలు పెట్టారు.

కుక్క అటు చూడలేదు. పిట్టల్ని లేపాక ఎప్పుడూ చేసినట్టే, తల తిప్పి నా వెనక బాట వైపు చూస్తోంది. ఆయన అక్కడి నుంచే శభాష్ అనేవాడు. నేనూ తిరిగి చూశాను. బాట మీద ఎవరూ లేరు. దాని మెడ పట్టుకుని అక్కడే కూలబడి ఏడ్చాను.