మాసమ్మకు తెలిసిన కమిటీ

చిక్కడపల్లి బస్తీలో మాసమ్మ నోరంటే అందరికీ హడలే. ఆమె వస్తుంటే కూరగాయల బండివాడు పుచ్చు వంకాయలు తనంతట తానే ఏరి పక్కన పెట్టేవాడు. నల్లా దగ్గర ఆమె బిందెను జరిపే ధైర్యం ఎవరికీ లేదు. అలాంటి నోరు, సరిగ్గా కావలసిన రోజున పెగల్లేదు. ఆమెను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది అదే.

పాలమూరు నుంచి పెనిమిటి ఈదయ్యతో కలిసి ఇటుకలు మోయడానికి వచ్చిన మనిషి ఆమె. ఈదయ్య నడుము పట్టేసి వాచ్‌మన్ పనిలో కుదురుకున్నాక, తను అశోక్‌నగర్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్ వంటింట్లో చేరింది. అక్కడ పనివాళ్లంతా కలిపి నలుగురు. ఉద్యోగాల పరీక్షలకు చదివే పిల్లలకు చపాతీలు వడ్డిస్తూ, "పల్చగ చేసిన, దిమాక్ మంచిగ నడుస్తది, తినుండ్రి" అని ఆటపట్టించేది. వాళ్లకూ ఆమె అంటే ప్రాణం.

హాస్టల్ యజమాని విఠల్ బస్తీలో పెద్దమనిషి. బోనాల మర్నాడు మాసమ్మ బియ్యం తేవడానికి సామాన్ల గదిలోకి వెళితే, వెనకే వచ్చి తలుపు దగ్గరికి వేసి ఆమెను పట్టుకున్నాడు. ఆమె తోసేసి బయటపడింది. వచ్చి, పొయ్యి మీద పొంగుతున్న పాలు దించింది. అంతే. అరవలేదు, తిట్టలేదు. మర్నాటి నుంచి ఆ గడప తొక్కలేదు. అంతసేపు నిలబడి వండలేకపోతున్నానని ఈదయ్యతో చెప్పి, హిమాయత్‌నగర్‌లో రెండిళ్ల పని చూసుకుంది. మరిచిపోదామనే అనుకుంది గానీ, పాడు మరపు రాలేదు.

అరుంధతి ఆ హాస్టల్లోనే ఉంటూ నారాయణగూడలో లా చదువుతున్న వనపర్తి పిల్ల. ఒక ఆదివారం ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, ఎదురుగా కూర్చుని "ఏమైందక్కా, ఎందుకొస్తలేవు?" అని అడిగేసరికి మాసమ్మ దాచలేకపోయింది. మొత్తం చెప్పేసింది.

"దీన్ని ఊకె ఇడిసిపెట్టొద్దక్కా. కమిటీకి రాసియ్యాలె. అయిన రోజుకెల్లి మూడు నెలల్ల ఇయ్యాలె" అంది అరుంధతి.

మాసమ్మ మొహం మాడిపోయింది. "కమిటీకా? చచ్చినా పోను."

భయపడుతోంది కాబోలనుకుంది అరుంధతి. మళ్లీ వచ్చింది, ఇంకోసారీ వచ్చింది. ఆ పిల్ల చట్టం చెప్పేది, మాసమ్మ చాయ్ పోసేది. చాయ్ బాగానే ఉండేది, పని మాత్రం అంగుళం జరిగేది కాదు. ఇలా ఉండగానే వినాయక చవితి వచ్చి వెళ్లింది, బతుకమ్మ పూలు బండ్ల మీదికి వచ్చాయి.

ఒక సాయంత్రం ఈదయ్య హుషారుగా ఇంటికొచ్చాడు. "విఠల్ సేటు ఫోన్ చేసిండే! నువ్వు రాకుంటే పాయె, మన ప్రేమను పంపమన్నడు. మంచిగ చూస్కుంటడట. సోమారం నుంచి పోతది."

ప్రేమ వాళ్ల కూతురు, అప్పుడే డిగ్రీలో చేరిన పిల్ల. గుమ్మంలో కూర్చుని జడ వేసుకుంటోంది. మంచిగ చూస్కుంటడట! మాసమ్మ మర్నాడు పని ఎగ్గొట్టి నారాయణగూడ కాలేజీ గేటు ముందు నిలబడింది. అరుంధతి బయటికి రాగానే చెయ్యి పట్టుకుంది.

"కమిటీ గాకుండ ఇంకేం తొవ్వ లేదా బిడ్డా?"

"కమిటీ అంటే గంత పరేషాన్ ఎందుకక్కా?"

"ఎందుకంటవేంది? మా బస్తీ వినాయకుని కమిటీల ముందుగాల కూసునేది గా విఠల్ సేటే! ఫ్లెక్సీ మీద దేవునికన్న ఆయన ఫోటోనే పెద్దగుంటది. పోయినేడు మా గల్లీల ఎంకమ్మ బిడ్డను ఒకడు చెయ్యివట్టి గుంజిండు. కమిటీకి పోతే ఏం చేసిండ్రు? వానితోని సారీ చెప్పిచ్చి, అందరికి చాయ్ తాపిచ్చి, రాజీ పడుండ్రి అన్నరు. గాళ్లకాడికి పొమ్మంటవా నన్ను?"

అరుంధతికి నవ్వొచ్చింది, ఆ నవ్వు సగంలోనే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్ని వారాలూ తను చెప్పిన కమిటీ ఒకటి, ఈమె విన్నది ఇంకొకటి.

"అయ్యో అక్కా, గది కాదు! ఇది సర్కారుది, జిల్లా కమిటీ. పదిమందికన్న తక్కువ పనిచేసేకాడ, లేకుంటే ఓనర్ మీదనే చెప్పాల్నంటే గక్కడికే పోవాలె. పెద్దగ కూసునేది ఆడామెనే. నీకు రాయరాకుంటే వాళ్లే సాయం చేసి రాయిస్తరు. పోలీసు కేసు గూడ పెట్టొచ్చు, కమిటీకి పోయినవని ఆ హక్కు పోదు. వకీలును గూడ ఆడోళ్లకు సర్కారే పైస తీస్కోకుండ ఇస్తది. కని కమిటీకి మూడు నెలలే గడువు. దాటితే, ఎందుకు దాటిందో చెప్పి ఇంకో మూడు నెలలు అడగొచ్చు, ఇచ్చుడు ఇయ్యకపోవుడు వాళ్ల ఇష్టం."

"బోనాల తెల్లారి గదా అయింది. దాటిపోయిందా?"

"దాటలే. జరంత గడువే ఉంది."

ఆ సాయంత్రం మాసమ్మ ఈదయ్యకు చెప్పింది. అన్నిటికంటే కష్టమైన పని అదే. నాకెందుకు చెప్పలేదని ఈదయ్య అడగలేదు. "ప్రేమ పోదు. నేను నీతోని వస్త" అన్నాడు. కాపురానికొచ్చిన ఇన్నేళ్లలో ఆ మనిషి మీద ఆమెకు అంత ఇష్టం ఎప్పుడూ పుట్టలేదు.

కలెక్టరాఫీసులో కమిటీ అధ్యక్షురాలు నెరిసిన జుట్టావిడ. ఈదయ్యను బయట బెంచీ మీద కూర్చోమని, మాసమ్మకు కుర్చీ చూపించి, "మీరు చెప్పండి, నేను రాస్తాను" అంది. మొదట హాస్టల్ పేరొక్కటే చెప్పింది. బియ్యం బస్తా, తలుపు, పొంగిన పాలు... ఒక్కొక్కటీ చెబుతుంటే మాట దారిన పడింది. ఆవిడ రాసిందంతా చదివి వినిపించి, వేలిముద్ర తీసుకుంది. తర్వాత కళ్లజోడు సర్దుకుని, "ఇంకో సంగతమ్మా. చట్టంలో రాజీ అని ఒకటుంది" అంది.

ఇక్కడ కూడా అదేనా!

"అది మీరు అడిగితేనే. మేం అడగం, ఆయన అడిగినా కుదరదు."

మాసమ్మ తలెత్తి చూసింది. కూరగాయల బండివాడికి బాగా తెలిసిన చూపు అది.

"నేనడగ," అంది. "అడగనన్నదని గూడ రాయి తల్లీ."