గంట దూలానికి పట్టిన తేనెపట్టు

జమ్మలమడుగులో మా చర్చి గంట దూలానికి ఏటా పెద్ద తేనెపట్టు పడుతుంది. ఈగలు వెళ్లిపోయేదాకా గంట కొట్టం. తాడు పైకి చుట్టి కట్టేసి, ఆరాధన వేళకు రైలు పట్టా ముక్క మోగిస్తాం. ఆ చప్పుడంటే నాకు ఏటా చిరాకే.

ఒకసారి వారం మధ్యలో, మిట్టమధ్యాహ్నం గంట మోగింది. ఆగి, మళ్లీ మోగింది. మా వీధిలో వేళ కాని వేళ గంట మోగితే ఎవరో చనిపోయినట్టు. మగవాళ్లు వెంటనే తలగుడ్డ తీసేస్తారు. అన్నం ముందు నుంచి లేచి పరుగెత్తాను. సందు మలుపులో మా మేనమామ తలగుడ్డ చేత్తో పట్టుకొని నిలబడి ఉన్నాడు.

"ఎవురు పోయినారు మామా?"

"ఎవురూ పోలే. ముందుకు పోవాకు. పైకి సూడు."

తేనెగద్ద ఒకటి గంట మీద కాళ్లూని పట్టును చీలుస్తోంది. అది లాగినప్పుడల్లా గంట ఊగి మోగుతోంది. లేచిన ఈగలు నల్లటి పొగలా కమ్ముకున్నా అది తల తిప్పలేదు. పట్టును అంటుకున్న ఈగలు మాత్రం కదల్లేదు. గాలికి వరిచేను ఊగినట్టు, వాటి మీదుగా అలలు అలలుగా ఒక మెరుపు పాకింది. ఆ పొగ అంచున సన్నటి పచ్చపిట్టలు ఈగలను గాల్లోనే అందుకుంటున్నాయి. వీధి వీధంతా తలెత్తి చూస్తోంది.

గద్ద ఒక ముక్క పట్టుకొని పెన్న వైపు ఎగిరిపోయింది. గంట మెల్లగా ఆగింది.

"ఎవురూ పోలేదు గదా, తలగుడ్డ సుట్టుకో మామా" అన్నాను.

చర్చి మెట్ల మీద తేనెతో పాటు రాలిన ఈగల తెల్లటి పిల్లపురుగులనే చూస్తూ ఆయన చుట్టుకోలేదు.