మగ్గాలు ఆగినప్పుడు అడిగే మాట

మార్కండేయుని మెడకు పడ్డ యమపాశాన్ని తెంచిన స్వామీ, వాడిపోయే ప్రతి ప్రాణానికీ ఆఖరి నీడవు నీవే. ముందుగా నీకు శరణు. నిన్ను తలచుకోకుండా రాజవ్వ గురించి రాయడానికి నాకు చెయ్యి ఆడదు.

ఈ మధ్యాహ్నం పూర్ణ అనే ఊళ్ళోని మా ఇంట్లో కరెంటు పోయింది. ఫ్యాను ఆగిపోగానే కమ్ముకున్న నిశ్శబ్దంలో నా తల తనంతట తానే కిటికీలోని వంగ మొక్క వైపు వంగింది, చెవి కాండానికి ఆనింది. ఇది రాజవ్వ అలవాటు. ఆమె పోయి ఇన్నేళ్ళయినా నన్ను వదలలేదు.

అంతకుముందు మేమున్న నార్పోలిలో, వరుస గదుల మా చాల్‌కు ఆనుకునే మరమగ్గాల షెడ్డు ఉండేది. ఆ మోతలోనే తినడం, ఆ మోతలోనే నిద్ర. మోత ఆగితేనే పిల్లలు ఉలిక్కిపడి లేచేవాళ్ళు. పక్క గదిలో రాజవ్వ ఒంటరిగా ఉండేది. గుడిలో పురాణం చదివే రోజున మేమిద్దరం ముందు వరుసలో కూర్చునేవాళ్ళం. జ్వరం వచ్చిన పిల్లలను తెచ్చినట్టు జనం వాడిన టమాట, మిరప మొక్కలను డబ్బాలతో సహా ఆమె గడపకు తెచ్చేవారు.

మొదటి కాన్పులో నా బిడ్డ దక్కలేదు. మళ్ళీ నెల తప్పినప్పుడు నూనె డబ్బాలో చిక్కుడు గింజ నాటి, మొదటి కాయలు స్వామికే అని మొక్కుకున్నాను. నా కడుపుతో పాటే తీగా పెరిగింది. ఒకరోజు పొద్దున చూస్తే ఆకులన్నీ వేలాడుతున్నాయి, అంచులు మాడిపోయాయి. కడుపులో బిడ్డ కూడా కదలడం లేదనిపించింది. రాజవ్వను పిలుచుకొచ్చాను.

రాజవ్వ మట్టి వాసన చూసి మా ఆయనను పిలిచింది. "ఏం పోసినవ్‌రా దీనికి?"

"గంజి అవ్వా. కార్ఖానల మిగిలితే తెచ్చిన. బలమని..."

"అది అన్నం గంజి గాదు బిడ్డా, నూలుకు వెట్టేది. బూజు వట్టకుండ దాంట్ల మైలుతుత్తం కలుపుతరు. నూలుకు వెట్టినట్టు చెట్టుకు గంజి వెడ్తివి, ఇగ ఇస్త్రీ గూడ చెయ్యి!"

ఆయన తల దించుకున్నాడు. రాజవ్వ వేళ్ళు తెగకుండా తీగను పెకిలించి, చెడ్డ మట్టి దులిపి, మంచి నీళ్ళతో కడిగి కొత్త మట్టిలో నాటింది. మాడిన కొసలు తుంచింది. నీడకు జరిపి, తడిపిన తెల్ల గుడ్డ కప్పింది. శవానికి కప్పినట్టుందని నాకనిపించింది.

"ఉన్నదా అవ్వా?"

"ఇప్పుడెట్ల చెప్పాలె? మగ్గాల మోతల జవాబు ఇనవడది. కరెంటు పోనీ."

మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది. నార్పోలి అంతా ఒక్కసారిగా చచ్చినట్టయింది. రాజవ్వ గుడ్డకు చెవి ఆనించి, "ఉన్నవా బిడ్డా?" అంది. గాలి లేదు. ఆకు కదలని ఎండ. అయినా గుడ్డ మెల్లగా లోపలికి పోయి, మళ్ళీ పైకి వచ్చింది. నా కళ్ళతో నేను చూశాను. అదే క్షణాన నా కడుపులో బిడ్డ తన్నింది.

"శాన దూరం పోలే," అంది రాజవ్వ, తల ఊపుతూ. తీగ కాండాన్ని గోరుతో గీరి చూపించింది. లోపల పచ్చగా ఉంది.

తీగ కాసింది. కూతురు పుట్టింది. ఆ గింజలతోనే రాజవ్వ తన గడప దగ్గర ఏటా తీగ పెంచేది.

నా కూతురు బడికి పోయే వయసులో రాజవ్వ జ్వరంతో మంచం పట్టి, చివరకు కన్ను మూసింది. వసారాలో పడుకోబెట్టి, మగ్గం మీద నుంచి దించిన కొత్త గుడ్డ ముఖం మీద కప్పారు. ఆడవాళ్ళు ఆమె ఆఖరి స్నానానికి బిందెలతో నీళ్ళు తెచ్చారు. అంతలో కరెంటు పోయింది. ఆ నిశ్శబ్దంలో నా కూతురు ముందుకు పోయి, గుడ్డకు చెవి ఆనించింది.

"రాజవ్వా, ఉన్నవా?"

ఎవరూ దాన్ని ఆపలేదు. గుడ్డ కదలలేదు. కళ్ళార్పకుండా చూశాను. కానీ అచ్చం రాజవ్వలాగే నా బిడ్డ తల ఊపింది.

"ఏమన్నదే?" అన్నాను.

"నీళ్ళు తనకు గాదంట. ముందుగాల తీగకు పొయ్యమన్నది."

అందరం గడప వైపు తిరిగాము. ఆమె జబ్బులో పడి అందరూ మరిచిన తీగ ఆకులు వేలాడేసి ఉంది. ఒకామె బిందె ఎత్తి మొదట ఆ డబ్బాలో వంచింది.

నాకు ఇంతవరకూ ఏ మొక్కా జవాబు చెప్పలేదు. అయినా అడగకుండా, గోరుతో గీరి చూడకుండా ఒక్క మొక్కనూ పీకి పారేయలేదు. పలికేది మొక్క కాదు, దానిలోని స్వామి అని నా నమ్మకం. ఇది చదివిన మీరు కూడా ఒక్క క్షణం నాతో చేతులు జోడించండి: స్వామీ, మేము వాడిన రోజున, ఉన్నవా అని నీవొక్కసారి అడుగు.